బాలింత గదిలో పొట్టి కుర్చీ

సెప్టెంబరు 11, సోమవారం

ఈ రోజు నుంచి నేను చరిత్రకు సేవ చేస్తున్నాను. చరిత్ర ఎత్తు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు.

లైడెన్‌లో ఐదేళ్లు కళాచరిత్ర చదివి, రెండు వందల పేజీల థీసిస్ రాస్తే చివరికి దొరికిన ఉద్యోగం: వేలిగోరంత టైల్స్ మీద నీలిరంగు బొమ్మలు వెయ్యడం. హార్లెంలో, కాలవ గట్టున, తాగుబోతులా ముందుకి తూలుతున్న ఇంట్లో మా మ్యూజియం. కింద టికెట్లు, పైన బీరువా, అటక మీద మేము.

బీరువా నిలువెత్తుది. పన్నెండు అరలు. ఒక్కో అర ఒక గది. మొత్తం కలిపితే 1660ల నాటి నారబట్టల వ్యాపారి ఇల్లు, అసలుకి పన్నెండో వంతు. ఇరవై మూడేళ్లలో పదకొండు గదులు పూర్తయ్యాయి. మిగిలింది బాలింత గది. జనవరిలో తెరవాలి. దాంతో ఇల్లు నిండుతుంది.

ఇదంతా కట్టినవాడు ఎవర్ట్ క్రానెన్‌బర్గ్. డెబ్బై ఒక్కేళ్లు. అందరూ మేస్త్రీ అంటారు. మ్యూజియంలో డైరెక్టర్‌తో సహా అందరం ఒకర్నొకరం నువ్వనే అనుకుంటాం. ఆయన్ని మాత్రం మీరంటాం. ఎవరూ చెప్పలేదు, నోట్లోంచి అదే వస్తుంది. నేను వెళ్లగానే, లైడెన్ నుంచి ప్రొఫెసరమ్మ వచ్చింది, అందరూ లేచి నిలబడండి అన్నాడు. ఎవరూ లేవలేదు. అక్కడ ఉన్నది నురాన్ ఒక్కతే.

నురాన్ పరుపులూ తెరలూ కుడుతుంది. యాభై ఉంటాయి. పుట్టింది ఇజ్మీర్‌లో, పెరిగింది ఇక్కడే. మేస్త్రీని అబీ అంటుంది, వాళ్ల భాషలో అన్నయ్య అని. నోరు మూతపడదు. ఎర్ర దారం నీ ఎడం పక్కన పెట్టా అబీ, జిగురు సీసా మూత తీసే ఉంది అబీ, ఈ పిల్ల పసుపు స్వెటర్ వేసుకొచ్చింది అబీ, అచ్చం బాతుపిల్ల. రేడియోకైనా ఒక స్విచ్ ఉంటుంది.

గదుల్లో మనిషి బొమ్మలు ఉండకూడదు. ఇది మేస్త్రీ శాసనం. మనిషిని పెడితే బొమ్మరిల్లు, మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టు చేస్తే ఇల్లు, అన్నాడు. ఘనంగా వెక్కిరిద్దామని కిందికెళ్లి బీరువాలో వంటింటి అర చూశాను. బల్ల మీద సగం చెక్కు తీసిన ముల్లంగి. చెక్కు ఇంకా తెగకుండా వేలాడుతోంది. స్టూలు కాస్త పక్కకి జరిగి ఉంది, పొయ్యి మీద ఏదో పొంగినట్టు ఎవరో గబుక్కున లేచారు. ఊపిరి బిగబట్టి చూశానని తర్వాత తెలిసింది. ఆవిడ తిరిగొచ్చి, ఎవరు నువ్వు అంటే ఏం చెప్పాలి? రెండు బస్సులు పోయాయి. ఈ మాట ఎవరికీ చెప్పను.

ఇంకో విషయం. మేస్త్రీ కుర్చీ చేశాక దాన్ని కింది పెదవి మీద అటూ ఇటూ రాస్తాడు. కాళ్లు, అంచులు, అతుకులు అన్నీ. యాభై ఏళ్ల పనిలో వేళ్లు కాయలు కాశాయి, పెదవి కాయ కాయదు, వెంట్రుకంత ఎగుడుదిగుడున్నా చెబుతుందని నురాన్ వివరించింది.

నాకు మాత్రం ముసలాడు కుర్చీ నాకుతున్నట్టే ఉంది.

సెప్టెంబరు 12, మంగళవారం

ఎవరూ లేనప్పుడు నేనూ ఒక కుర్చీ నాకాను. చప్పగా ఉంది.

సెప్టెంబరు 28, గురువారం

బాలింత గది పొయ్యి చుట్టూ ఎనభై నాలుగు టైల్స్. పిల్లల ఆటలు: బొంగరం, గోలీలు, ఒంటికాలి గెంతులు. పదమూడు రోజులు వేశాను. ఒక్కో పిల్లాడు బియ్యపుగింజంత. నా మెడ ఇంకా నిలబడటం లేదు.

పళ్లెంలో పెట్టి మేస్త్రీ ముందుకి జరిపాను. నురాన్ తొంగి చూసి, తెల్లగా ఉన్నాయి అబీ, పాలపళ్లలా, అంది. ఆయన ఒక టైల్ తీసి పెదవికి ఆనించి, బాత్రూం టైల్స్ వేశావు ప్రొఫెసరమ్మా, అని ఎనభై నాలుగింటినీ తన కాఫీలో పోశాడు.

నా ఎదురుగా. చక్కెర వేసినట్టు.

పైపూత పగుళ్లలోకి కాఫీ దిగి మూడున్నర వందల ఏళ్ల పాతవిగా కనిపిస్తాయట. ఇది ఈ వృత్తిలో అందరూ చేసేదేనట. అలాగే ఉన్నాయి కూడా, ఒప్పుకుంటాను. కానీ ముందు చెప్పొచ్చు. కనీసం నా మొహం వైపు చూడొచ్చు. చెంచా పెట్టి కలుపుతూ, ఏడుస్తోందా అని నురాన్‌ని అడిగాడు. ఇంకా లేదు అబీ, ముక్కు ఎర్రబడింది అంది.

నేను ఏడవలేదు. ఏడ్చింది నా ముక్కు.

సెప్టెంబరు 29, శుక్రవారం

ప్రతీకారం చల్లగా ఉన్నప్పుడే రుచి అంటారు. కాఫీ కూడా చల్లారింది.

అక్టోబరు 19, గురువారం

ఒక టైల్ కాఫీలో విరిగింది. దాని బదులు ఇంకొకటి వెయ్యమన్నాడు. వేశాను. గోలీలాడే పిల్లాడి చోట, నాలుక బారెడు చాపి కుర్చీని నాకుతున్న ముసలాడు. టోపీ, వంకర ముక్కు, చొక్కా జేబులో పెన్సిల్. ఎవరు చూసినా ఆయనే.

తిడతాడు, పగలగొడతాడు, అప్పుడు కాఫీ సంగతి తేల్చుకోవచ్చు అనుకున్నాను. ప్రసంగం కూడా సిద్ధం చేసుకున్నాను, మూడు పేరాలు.

ఆయన టైల్ తీసుకుని కిటికీ దగ్గరికెళ్లాడు. లెన్స్ కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. గీత ధైర్యంగా వచ్చింది, పిల్లాడు నిజంగా ఆడుతున్నట్టే ఉన్నాడు అన్నాడు.

పిల్లాడు!

నురాన్ మాట్లాడటం ఆపేసింది. నేను వచ్చాక మొదటిసారి.

అక్టోబరు 20, శుక్రవారం, ఉదయం 10

శాస్త్రీయ పరిశోధన. ఎరుపు, ఆకుపచ్చ రంగు సీసాలు చోటు మార్చి పెట్టాను.

10.25

ఎరుపు ఇటొచ్చింది అబీ, అంది నురాన్, నా వైపే చూస్తూ.

మధ్యాహ్నం 1

అర్థమైంది. ఆ రేడియోకి స్విచ్ ఎందుకు లేదో. ఎర్ర దారం ఎడం పక్కన, జిగురు మూత తీసి ఉంది, పిల్ల పసుపు స్వెటర్. వాగుడు కాదు అది. ఆవిడ ఆయనకి చూసి పెడుతోంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, ఎన్నేళ్లుగానో.

పెదవికి కర్ర తెలుస్తుంది. రంగు తెలియదు. ఆ కుర్చీ నాకడం అలవాటు కాదు, అవసరం.

వాష్‌రూములో నురాన్ నన్ను పట్టుకుంది. నవ్వుతూనే చెప్పింది: కళ్లకి మధ్యలో చూపు పోయింది, పక్కల ఏదో మసక మిగిలింది, ఇంకొక్క గది పాపా, జనవరి దాకా, ఆ తర్వాత ఆయనే వెళ్లిపోతాడు. డైరెక్టర్ బోల్‌హౌస్‌కి తెలిస్తే రేపే పంపేస్తుంది. నువ్వు చెప్పవు కదా అంది. నేనా, ఛ, అన్నాను.

అబద్ధం కాదు. అప్పటికి ఉద్దేశం లేదు.

నవంబరు 2, గురువారం

డైరెక్టర్ ఆన్నెకె బోల్‌హౌస్ కాఫీకి పిలిచింది. మా దేశాచారం ప్రకారం ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. నా టైల్స్ మెచ్చుకుంది, నాలుక చాపిన ముసలాడితో సహా. పెన్షన్ వయసు దాటినవాణ్ణి ఏడాదికి ఏడాది కాంట్రాక్టు మీద ఉంచడం ఎంత కష్టమో చెప్పింది. ఎవర్ట్ ఈ మధ్య బాగానే చూస్తున్నాడా అని అడిగింది, వాతావరణం అడిగినట్టు. ఒకవేళ ఆయన అలిసిపోతే బాలింత గది పూర్తి చెయ్యడానికి చదువుకున్న మనిషి ఒకరుండాలి కదా, లేబుల్ మీద పేరు కూడా వాళ్లదే ఉంటుంది కదా, అంది.

బాగానే చూస్తున్నాడు, మొన్నామధ్య నా కొత్త టైల్‌ని కూడా మెచ్చుకున్నాడు అన్నాను.

రెండో బిస్కెట్ ఇచ్చింది. ఈ దేశంలో రెండో బిస్కెట్ అంటే మామూలు విషయం కాదు.

నవంబరు 13, సోమవారం

డిసెంబరు ఐదున వచ్చే కానుకల తాత, సింటర్‌క్లాస్ పండుగకి చీట్లు తీశాం. నియమాలు పుట్టుకతోనే తెలిసినవే, అయినా రాస్తే గంభీరంగా ఉంటుంది. టోపీలోంచి ఒక పేరు తియ్యాలి. ఆ మనిషికి బహుమతి, దాన్ని దాచడానికి చేత్తో చేసిన ఒక వెటకారపు పెట్టె, ఒక పద్యం. పద్యంలో వాళ్ల లోపాలన్నీ ఎక్కించాలి, కింద సింట్ తాత సంతకం పెట్టాలి. రాసిందెవరో అడగకూడదు, చెప్పకూడదు. తిట్టేది తాత కాబట్టి ఎవరూ ఉడుక్కోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం: ఎవరి పద్యం వాళ్లే, అందరి ముందూ, అప్పటికప్పుడు విప్పి, గట్టిగా చదవాలి.

నా చీటీలో పేరు: ఎవర్ట్.

చివరి నియమం మళ్లీ చదువుకున్నాను.

నవంబరు 27, సోమవారం

పెట్టె తయారైంది. మా అటకకి పన్నెండో వంతు: ఆయన బల్ల, ఆయన దీపం, ఆయన కాఫీ కప్పు. మధ్యలో కుర్చీ, కుర్చీకి అంటుకుని గుమ్మం దాకా పరుచుకున్న ఎర్ర ఉన్ని నాలుక. నా బతుకులో చేసిన అన్ని పనుల్లోనూ ఇదే బాగా వచ్చింది.

పద్యం కూడా:

*కుర్చీలు నాకే మేస్త్రీ, ఏ కర్ర రుచి ఏమిటి?*
*ఓకు చప్పగుంటుందా, వాల్‌నట్టు వగరేమిటి?*
*టైలు మీద బొమ్మ నీదే, నాలుక చాపి ఉంది,*
*ఊరంతా చూసింది గానీ నీ కంటికెందుకు దాగింది?*
*కళ్లజోడు మార్చు తాతా, లేకుంటే నిజమొప్పుకో,*
*ఈ కాగితం చదవగలిగితే నా టోపీ నువ్వెట్టుకో!*

వేలెడంత పుస్తకంలో చీమల్లాంటి అక్షరాలతో రాద్దామనుకున్నాను ముందు. వృత్తికి తగ్గట్టు ఉంటుంది. కానీ మరీ చిన్నవి, కనిపించడం లేదు అని తప్పించుకుంటాడు. అందుకని మామూలు కాగితం మీద, పద్దెనిమిది పాయింట్ సైజులో ప్రింట్ తీశాను. చంటిపిల్లలు కూడా చదవగలరు.

నేను దయామయురాలిని.

డిసెంబరు 5, మంగళవారం, ఉదయం 9

పెట్టెకి కాగితం చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను. నాలుక ఇంకా అక్కడే ఉంది.

సాయంత్రం 6

వరసగా రాయాలి.

మూడున్నరకి అటక మీద చేరాం. నలుగురం. అల్లం బిస్కెట్లు, వేడి చాక్లెట్, అందరికీ పేరులో మొదటి అక్షరం చాక్లెట్‌తో చేసింది. లీకెలోని నా ఎల్ కాలు అప్పుడే కొరికేశాను. మేస్త్రీ తన అక్షరం మీద బొటనవేలు రాసి, నాదే, అన్నాడు. ఆ ఒక్కటీ చదవగలడు.

ముందు బోల్‌హౌస్ చదివింది. బిస్కెట్ డబ్బా మూత మీద నురాన్ రాసిన పద్యం. నవ్వింది, కానీ మూత పెట్టేసింది. తర్వాత నా వంతు, నురాన్ వంతు. చివరికి ఆయన.

పెట్టె విప్పాడు. వేళ్లు లోపలికి పోయాయి. బల్ల, దీపం, కప్పు ఒక్కొక్కటీ తడిమాడు. ఎంత నెమ్మదిగా! నాలుక దొరికింది. దాన్ని చివరిదాకా నిమిరి పగలబడి నవ్వాడు. అతుకు బాగుంది, బల్ల కాలు మాత్రం ఒక వెంట్రుక పొట్టి, అన్నాడు. అదే ఆయన నాకిచ్చిన మొదటి మెప్పు. నాకిచ్చాడని ఆయనకి తెలియకూడదు కాబట్టి థాంక్స్ చెప్పడానికి లేదు.

కాగితం తీశాడు.

నేను చదువుతా అబీ, నీ గొంతు బాలేదు పొద్దుట్నుంచి, అంది నురాన్. కాదు కాదు, ఎవరిది వాళ్లే, రూల్ రూలే, అంది బోల్‌హౌస్. నేను చాక్లెట్ నములుతున్నాను.

కాగితం విప్పి, చేతులు చాచి పట్టుకున్నాడు. తిన్నగానే పట్టుకున్నాడు, మడతని బట్టి పోల్చుకుని ఉంటాడు. కాలవలో పడవ పోతున్న చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు:

*సింట్ తాతకి కోపమొచ్చె, ఎందుకంటే వినండి,*
*లైడెన్‌లో చదివొచ్చిన పెద్ద ప్రొఫెసరమ్మండి!*
*ఎనభై నాలుగు టైల్స్ వేసి, ఎనభై మూడు దిద్ది,*
*ఒక్కదాంట్లో ముసలాణ్ణి కుర్చీ నాకినట్టు గీసి*
*చూడ్లేడులే అనుకుంది, ముసిముసిగా నవ్వుకుంది,*
*గీత వరకు బాగుంది గానీ ముక్కే మరీ పొడుగైంది!*

ఎక్కడా తడబడలేదు. మధ్యలో ఒకసారి కాగితాన్ని కాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు కూడా, సింట్ దస్తూరీ ఘోరంగా ఉందని గొణుగుతూ. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఒకడుంటాడంటారే, వాడు ఇదిగో, టోపీ పెట్టుకుని నా ఎదురుగా కూచున్నాడు. అందరూ విరగబడి నవ్వారు. బోల్‌హౌస్‌కి కళ్లమ్మట నీళ్లు. నా చెవులు కాలిపోయాయి. అది కాదు అక్కడ రాసింది అని అరవాలి. అరిస్తే రాసింది నేనని ఒప్పుకున్నట్టే. కోట నేనే కట్టాను, లోపల నన్నే పెట్టి తాళం వేశాడు.

టైల్ సంగతి ఎప్పుడో తెలుసన్నమాట. నురాన్ ఆ రోజే చెప్పి ఉంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది.

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెడుతుంటే జారి నా కాళ్ల దగ్గర పడింది. బోల్‌హౌస్ కళ్లు తుడుచుకుంటూ, అబ్బ, దీన్ని న్యూస్‌లెటర్‌లో వెయ్యాలి, లీకె, ఆ కాగితం ఇలా ఇవ్వు, అంది.

తీశాను. మేస్త్రీ నా వైపు తిరిగాడు. నేనెక్కడున్నానో సరిగ్గా తెలిసినట్టు. నురాన్ కాఫీ కప్పుని నా మోచేతి దగ్గరికి జరిపింది. నిండు కప్పు. అంతకన్నా ఏం చెయ్యగలదు?

ఒక్క క్షణం ఉంది. కాగితం కాఫీలో పడటానికి ఎంతసేపు? నా ఎనభై నాలుగు టైల్స్ పడలేదూ? అయ్యయ్యో అంటే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్లు.

బోల్‌హౌస్ చేతిలో పెట్టాను.

చదివింది. పద్దెనిమిది పాయింట్. ఎంతోసేపు పట్టలేదు. మడిచి జేబులో పెట్టుకుంది. అల్లం బిస్కెట్లు ఇంకా ఉన్నాయి, ఎవరైనా తీసుకోండి, అంది. డబ్బాకి మూత పెట్టలేదు.

డిసెంబరు 6, బుధవారం

పదింటికి ఆయన్ని పిలిచింది. ఇరవై నిమిషాలు. గాజు తలుపు అవతల బోల్‌హౌస్ ఒక గోడపత్రిక చూపించి, చదవమన్నట్టు చెయ్యి ఊపడం కనిపించింది. ఈసారి ఆయన పద్యం కట్టలేదు.

పైకొచ్చి తన కప్పు ఒక్కటే తీసుకున్నాడు. ఉలులు, లెన్సు అక్కడే వదిలేశాడు. నురాన్ కోటు తొడిగింది. మెట్ల దగ్గర ఆగి, ప్రొఫెసరమ్మా, ముక్కు నిజంగానే పొడుగుందా, నురాన్ ఊరికే అందా? అని అడిగాడు.

పొడుగే, అన్నాను.

బాగుంది అన్నాడు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాడు. పదిహేడు.

డిసెంబరు 8, శుక్రవారం

వీడ్కోలు సభ. మ్యూజియం తరఫున కానుక: పదిహేడో శతాబ్దపు ఇళ్ల మీద పెద్ద పుస్తకం, ఆరు వందల రంగుల చిత్రాలు. ఎంచుకున్నది బోల్‌హౌస్. పుండు మీద కారం చల్లడానికి మా వాళ్లు రిబ్బను కూడా కడతారు. ఆయన పుస్తకం చేత్తో తూచి, తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది, అన్నాడు.

బాలింత గది ఇక నాది. బోల్‌హౌస్ నన్ను పక్కకి పిలిచి, సింట్‌కి నా కృతజ్ఞతలు చెప్పు, అంది.

నురాన్ ఇవాళ్టి నుంచి మాట్లాడటం మానేసింది. అటక ఎంత పెద్దదో ఇప్పుడే తెలుస్తోంది.

జనవరి 9, మంగళవారం

మంచం ఆయన చేశాడు. ఊయల ఆయన చేశాడు. మంత్రసాని కాళ్లు చాచి కూచునే పొడవాటి అల్లిక బుట్ట, పొయ్యి ముందు ఆరబెట్టిన గుడ్డలు అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, బాలింత లేచి కూచుని పాలిచ్చే పొట్టి కుర్చీ. పట్టు దిండుతో.

నేను చేస్తున్నాను. అసలు కుర్చీని కొలిచి, ప్రతి మిల్లీమీటరు పన్నెండో వంతు చేసి. ఇది నాలుగోది. కొలతలో తప్పు లేదు. గదిలో పెడితే ఎవరూ అందులోంచి లేవలేదు. ఎవరూ కూచోలేదు. దుకాణంలోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది.

పెదవికి ఆనించి చూశాను. కర్రలా ఉంది.

జనవరి 10, బుధవారం

ఐదోది. అంతే.

జనవరి 19, శుక్రవారం

ప్రారంభోత్సవం. ఇల్లు నిండింది. లేబుల్ మీద నా పేరు, కింద చిన్న అక్షరాల్లో ఎవర్ట్ పేరు. ఎంత చిన్నవంటే ఆయనకే కాదు, కళ్లున్నవాళ్లెవరికీ కనిపించవు.

ఆయన రాలేదు.

పత్రికాయన దోషరహితం అని రాసుకున్నాడు. జనం వంటింటి ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బాలింత గది ముందు కుర్చీ నాకే ముసలాడి టైల్‌ని కనిపెట్టి నవ్వి, ఫోటో తీసుకుని ముందుకెళ్లిపోయారు. ఆ టైల్‌ని పొయ్యి నడిమధ్యన, కళ్లకి ఎదురుగా అతికించింది మేస్త్రీ. అక్టోబరులోనే. తీద్దామంటే చుట్టూ ఉన్న ఆరూ ఊడివస్తాయి.

ఆరు వారాల తర్వాత నురాన్ మొదటి మాట మాట్లాడింది. గది బ్రహ్మాండంగా ఉంది, ‘అద్దెకివ్వబడును’ బోర్డు ఒక్కటే తక్కువ, అంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

నా పేర పార్శిల్. పంపినవాళ్ల పేరు లేదు. లోపల దూది, దూదిలో పొట్టి కుర్చీ.

ఒక చెయ్యి కాస్త అరిగింది, రోజూ అక్కడే పట్టుకుని లేచే మనిషిలా. వెనక కాలొకటి వెంట్రుక పొట్టి. పట్టు దిండు మధ్య చిన్న గుంట.

నాది తీసి, దాన్ని పెట్టాను. ఆమె ఇప్పుడే లేచింది. పక్కగదిలో పిల్లాడు ఏడ్చాడు కాబోలు. గదంతా ఆమె కోసం ఆగి ఉంది. గాజుకి మొహం ఆనించి ఎంతసేపున్నానో తెలియదు. గేటు మూసేస్తున్నామని కిందినుంచి అరిచారు.

పన్నెండో గది కూడా ఆయనే పూర్తి చేశాడు. లేబుల్ మార్చమని బోల్‌హౌస్‌తో చెప్పాను. ఏ లేబుల్, అంది.

ఫిబ్రవరి 7, బుధవారం

తుడవడానికి కుర్చీ బయటికి తీసి, ఊరికే, అలవాటుగా పెదవికి ఆనించాను. దిండు మీద ఏదో తగిలింది. మళ్లీ ఆనించాను. పట్టు కింద, చెక్క మీద, అక్షరాలు చెక్కి ఉన్నాయి. వరసలు వరసలుగా. పద్యంలా ఉంది.

లెన్సుకి కనిపించవు. దీపానికి కనిపించవు. వేళ్లకి తెలియవు. పట్టు కోస్తే ఒక్క నిమిషంలో చదవొచ్చు. కోస్తే దిండు పోతుంది, గుంట పోతుంది, ఆమె వెళ్లిపోతుంది.

ఆ పట్టు కుట్టు ఎవరిదో నాకు తెలుసు. అటక మీద అలాంటి కుట్టు వేసేది ఒక్కరే. అడిగాను. నురాన్ దారం కొరికి తెంపి, అందులో ఏముందో నాకు తెలుసు, నేను చదివి పెట్టనా అంది. పెట్టు, అన్నాను. అయ్యో, ఎవరిది వాళ్లే చదవాలి పాపా, రూల్ రూలే కదా, అంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

కత్తి తీశాను. లోపల పెట్టాను. తీశాను. లోపల పెట్టాను.

ఫిబ్రవరి 29, గురువారం, ఉదయం 9

మ్యూజియం తెరవడానికి గంట ఉంది. కుర్చీ పెదవి మీదే ఉంది. కళ్లు మూసుకుంటే నయం.

ఒక నిలువు గీత. దాని కాళ్ల దగ్గర ఒక అడ్డ గీత. ఎల్. నా పేరులో మొదటి అక్షరమే.

మిగతాది ఇంకా రావడం లేదు.